నూట పదహారేళ్ళ దాంపత్యం

ఒక మంగళవారం పొద్దున్న, రెండో ఇడ్లీ సగంలో ఉండగా, అడబాల గంగరాజు గారికి తన వయసు నూట ముప్పై అయిదని తెలిసింది. అంతకు ముందు రోజు దాకా ఆయన అరవై ఎనిమిదే అనుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. లెక్కలో అంత తేడా చేసే రకం కాదు.

నిజానికి ఆయన వెతికింది వయసు కోసం కాదు, మామ్మ పేరు కోసం.

ఇంట్లో మనవరాలు పుట్టి పదకొండు రోజులైంది. ఇరవై ఒకటో రోజున బారసాల. పేరు సంగతి మూడేళ్ళ కిందటే తేలిపోయింది. ఆయన భార్య సత్యవతి చివరి రోజుల్లో మంచం మీద పడుకునే ఇంటి పనులన్నీ ఒకటొకటిగా అప్పగించి, ఆఖరున ఇదీ అప్పగించింది.

"ఆడపిల్ల పుడితే నా పేరు పెట్టకండి. పిలిచినప్పుడల్లా మీరు కళ్ళు తుడుచుకుంటారు, చూసేవాళ్ళకి బాగోదు. మీ మామ్మ పేరు పెట్టండి. మిమ్మల్ని పెంచింది ఆవిడేగా."

ఆయన సరేనని తలూపారు. మామ్మ పేరు తనకు తెలియదన్న సంగతి ఆయనకు తట్టింది మాత్రం మనవరాలు పుట్టాకే.

తెలియకపోవడం ఆయన తప్పు కాదు. తాతగారు బతికున్నంత కాలం ఆవిణ్ణి "ఏమే" అన్నారు. కొడుకు అమ్మా అన్నాడు, కోడలు అత్తా అన్నది. ఊరివాళ్ళు మొదట్లో గంగరాజు పెళ్ళామన్నారు, తర్వాత సోమరాజు తల్లి అన్నారు, చివరికి అబ్బులు మామ్మ అన్నారు. అబ్బులంటే ఈయనే. తాత పోయిన రెండేళ్ళకు పుట్టిన మనవడు గనక తాత పేరే పెట్టారు. మామగారి పేరు కోడలు నోటితో అనకూడదు గనక తల్లి అబ్బులని పిలిచింది. మొగుడి పేరు అసలే అనకూడదు గనక మామ్మా అదే పిలుపు అందుకుంది. ఈయనకు పదకొండో ఏట ఆవిడ కన్నుమూసింది. మొన్న స్వగ్రామం వెళ్ళి ముసలివాళ్ళను అడిగితే, "మామ్మేనండి. మామ్మకి పేరేటండి" అని వాళ్ళే ఎదురు ఆశ్చర్యపోయారు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం 'మన పూర్వీకులు' అన్న వెబ్‌సైటు తెరిచింది. పాత జనన మరణ రిజిస్టర్లు, కరణాల దస్త్రాలు అన్నీ స్కాన్ చేసి పెట్టారు. పైసా కట్టక్కర్లేదు. 'మీ తాతముత్తాతలు ఇక మీ అరచేతిలో' అని బస్సుల వెనక రాయించారు. గంగరాజు గారు ఫోన్‌లో తన పేరు, ఇంటిపేరు, ఊరి పేరు కొట్టారు. తెర మీద గంట మోగినట్టు ఒక చప్పుడై, ఇలా వచ్చింది.

'గౌరవనీయ పూర్వీకులకు స్వాగతం. వయస్సు: 135. స్థితి: సజీవులు. భార్య: ఒకరు, సజీవులు. భార్య పేరు: వారసులకు మాత్రమే చూపబడును.'

దాని కింద ఎర్ర అక్షరాలు. 'పూర్వీకులు తమ వివరములను తామే వెతుకరాదు. తప్పనిసరి అయినచో ఈ భద్రతా ప్రశ్నకు సమాధానము ఇవ్వవలెను. మీ భార్య పేరేమి?'

ఆయన కాసేపు ఆగి, సత్యవతి అని కొట్టారు. చాలా రోజులకు ఆ పేరు రాసినందుకు కొంచెం హాయిగానే అనిపించింది.

'తప్పు. మీకు ఇంకను రెండు అవకాశములు కలవు.'

పక్కనే పిల్లకు పాలు పట్టి భుజం మీద వేసుకుని జోకొడుతున్న కోడలు హిమబిందు తొంగి చూసింది.

"అత్తయ్య పేరు తప్పంటుందేంటండీ అది?"

"నాకు తెలియని భార్య ఇంకొకావిడ ఉందంటోందమ్మా."

"ఈ వయసులోనా మావయ్య గారూ?"

"నూట ముప్పై అయిదట. ఉండొచ్చు" అన్నారాయన, మిగిలిన ఇడ్లీ తుంచుకుంటూ.

*

మర్నాడు పూర్వీకుల సేవా కేంద్రానికి వెళ్ళారు. కౌంటరు దగ్గర నాగశిరీష అనే అమ్మాయి ఉంది. మర్యాదస్తురాలు. ఆయన్ని చూడగానే లేచి తన కుర్చీ ఇచ్చి, తాను స్టూలు మీద కూర్చుని, కంప్యూటరులోకి చూసి, మళ్ళీ ఆయన్ని చూసింది.

"అలా లేరండి తాతగారూ. మహా అయితే డెబ్బై అనుకుంటారండి ఎవరైనా."

"నాకు అరవై ఎనిమిదేనమ్మా. నూట ముప్పై అయిదు మా తాతది. ఆయన పోయి డెబ్బై ఏళ్ళయింది."

"పోయినట్టు రిజిస్టర్లో లేదండి. ఆయన పోయారు గాని రాయించడం మర్చిపోయారు మీవోళ్ళు." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అసలేం జరిగిందంటేనండీ, పైనుంచి ఏకవ్యక్తి విధానం అని వచ్చింది. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఒకే ఊరు ఉంటే ఒకే మనిషి అని కలిపేయమన్నారండి. డూప్లికేట్లు ఎక్కువైపోయాయంట."

"అమ్మా, మనకి తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ కదా."

"ఆయ్. కలిపాక తెలిసిందండి."

ఆమె తెర ఆయన వైపు తిప్పింది. గంగరాజు కొడుకు సోమరాజు. సోమరాజు కొడుకు గంగరాజు. గంగరాజు కొడుకు సోమరాజు. గంగరాజు గారి కొడుకు పేరూ ఆనవాయితీ ప్రకారం సోమరాజే. నలుగురు మగవాళ్ళు, నూట ముప్పై అయిదేళ్ళు, మొత్తం ఇద్దరిలో సర్దుకున్నాయి. ఒక గీత గంగరాజు నించి సోమరాజుకు దిగుతోంది, ఇంకో గీత సోమరాజు నించి గంగరాజుకు ఎక్కుతోంది.

"మీ నాన్నగారికి మీరే నాన్నగారండి. మీకేమో ఆయన నాన్నగారండి" అంది నాగశిరీష. "వంశం కాస్త పొందిగ్గా ఉంది."

ముప్పై ఏళ్ళు చెట్ల గురించి చెప్పారు గాని, తన కొమ్మకు తానే వేరైన చెట్టును గంగరాజు గారు ఎన్నడూ చూడలేదు.

"విడదీయడానికి దారి లేదా?"

"విభజన దరఖాస్తు ఉందండి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఇద్దరూ వేరువేరుగా రావాలండి, ఒకే మనిషి రెండుసార్లొస్తే ఒప్పుకోరు."

"పోనీ మా మామ్మ పేరొక్కటి చెప్పమ్మా. శుక్రవారం కాక వచ్చే శుక్రవారం బారసాల."

ఆ అమ్మాయి ముఖం నిజంగానే చిన్నబోయింది. "నాక్కూడా చుక్కలే కనపడతాయండి. వారసుల ఫోన్‌లోనే పేరొస్తుంది. మీ అబ్బాయి గారి చేత చూపించండి."

ఆ రాత్రి భోజనాల ముందు, విద్యుత్ శాఖలో పనిచేసే కొడుకు సోమరాజు ఫోన్‌లో వివరాలు కొట్టాడు. వెంటనే జవాబొచ్చింది. 'శ్రీ అడబాల సోమరాజు గారి మృతికి శాఖ ప్రగాఢ సంతాపము తెలియజేయుచున్నది. మృతులు లాగిన్ కాజాలరు.'

గంగరాజు గారి తండ్రి సోమరాజు ఇరవై ఆరేళ్ళ కిందట పోయారు. ఆ మరణం మాత్రం ఎవరో పద్ధతిగా నమోదు చేయించారు. ఎవరో కాదు, గంగరాజు గారే.

"నేను పోయానట" అన్నాడు సోమరాజు.

"ఆ రిమోట్ ఇలా ఇచ్చి పోవాల్సింది" అంది హిమబిందు.

*

శుక్రవారం నాగశిరీషే ఆయన్ని జిల్లా కార్యాలయానికి తీసుకెళ్ళింది. సంయుక్త సంచాలకులు గుమ్మళ్ళ పురుషోత్తం గారు ఫైలు చూస్తూ చూస్తూ కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ జోడించారు.

"తమరు స్వయంగా విచ్చేశారా? శాఖ ఆవిర్భావం నుండి నేటి వరకు వారసులు మాత్రమే కార్యాలయమును సందర్శించియున్నారు. ఒక పూర్వీకులు స్వయముగా వచ్చి సేవ పొందుట ఇదే ప్రథమం."

"నేను పూర్వీకుణ్ణి కాదండి. మనవణ్ణి. రెండూ కలిసిపోయాయి."

"కలిసిపోవుట పొరపాటు కాదండి, సంస్కరణ. మొదట రాష్ట్రంలో తొమ్మిది కోట్ల మంది పూర్వీకులు ఉండేవారు. నిర్వహణ ఎవరి తరం చెప్పండి. ఏకవ్యక్తి విధానం ద్వారా రెండు కోట్ల పదకొండు లక్షలకు తగ్గించాం. వచ్చే సంవత్సరాంతానికి ఇంకా తగ్గిస్తాం."

"పూర్తిగా లేకుండా చేస్తారా?"

"లక్ష్యం అది కాదు గాని, పురోగతి ఆ దిశగానే ఉన్నది."

గంగరాజు గారు ఓపిక కూడగట్టుకుని మామ్మ సంగతి, సత్యవతి సంగతి, పసిపిల్ల సంగతి చెప్పారు. పురుషోత్తం గారు శ్రద్ధగా విన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, నియమావళి చదువుకున్నవాడు.

"గోప్యతా నిబంధన ఏడు ప్రకారం సదరు స్త్రీమూర్తి నామధేయం వారసులకు తప్ప అన్యులకు వెల్లడించరాదు. తమ కుమారుడు కీర్తిశేషులు. ఇక మిగిలిన వారసురాలు తమ మనుమరాలు. ఆ చిరంజీవి పేరిట ఖాతా తెరిచినచో వివరం తక్షణం చూడవచ్చును."

"ఇవాళే తెరవండి మరి."

"పేరు లేని శిశువుకు ఖాతా ఇవ్వజాలము. పేరు పెట్టి తీసుకురండి."

"ఆ పేరు కోసమే కదండీ వచ్చాను."

"అందుకే చెప్పుచున్నాను. పేరు పెట్టగానే పేరు తెలుస్తుంది."

పురుషోత్తం గారు ఫైలులో ఇంకో పేజీ తిప్పారు. తర్వాత పురుషోత్తం గారి కళ్ళల్లో ఒక వెలుగు వచ్చింది.

"గురువారం పూర్వీకుల వారోత్సవాల ముగింపు సభ. తమరు సజీవులు. తమ శ్రీమతి కూడా సజీవులే, ఆమెకు వేరే చిరునామా ఉన్నది. ఆ కాలపు సగటు వివాహ వయస్సును బట్టి శాఖ లెక్కవేయగా, తమది నూట పదహారేళ్ళ దాంపత్యం. నూట పదహారు. ఇంతకంటే శుభప్రదమైన అంకె ఏదండీ? దంపతులకు సన్మానం చేస్తాం."

"ఆవిడ పోయి యాభై ఏడేళ్ళయిందండి. ఎవరిని పిలుస్తారు?"

"ఎవరన్నది వారసులకు మాత్రమే. కాని ఆహ్వానం వెళ్తుంది."

కాదనబోయి, గంగరాజు గారు ఆగారు. "సన్మానం అంటే వేదిక మీదకి పేరు పెట్టి పిలుస్తారు కదా?"

"తప్పదు కదండి. ప్రోటోకాల్."

"అయితే వస్తాను."

నూట ముప్పై అయిదేళ్ళ వాణ్ణని ధ్రువీకరిస్తూ సంతకం పెట్టమన్నారు. అబద్ధపు కాగితం మీద ఎన్నడూ సంతకం పెట్టని చెయ్యి కొంచెం వణికింది. ఆ వణుకు చూసి పురుషోత్తం గారు వయసు విషయంలో పూర్తిగా తృప్తి పడ్డారు.

*

గురువారం పొద్దున్న తండ్రీ కొడుకూ ఆటోలో బయల్దేరారు. టౌను హాలు మలుపు తిరగ్గానే నలభై అడుగుల ఫ్లెక్సీ కనిపించింది. ఒక పక్క సంయుక్త సంచాలకుల బొమ్మ, ఇంకో పక్క కలువపూలు. మధ్యలో, పచ్చి పసుపు రంగు మీద, మనిషెత్తు అక్షరాలు.

'నూట పదహారేళ్ళ ఆదర్శ దంపతులు శ్రీ అడబాల గంగరాజు, శ్రీమతి అడబాల మాణిక్యం గార్లకు సుస్వాగతం.'

"బాబూ, ఇక్కడాపు" అన్నారు గంగరాజు గారు.

దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. కార్యాలయంలో చెవిలోనైనా చెప్పకూడని పేరు, నాలుగు రోడ్ల కూడలిలో గాలికి ఊగుతోంది. దాని నీడలో ఒకావిడ జామకాయల బుట్ట పెట్టుకుని కూర్చుంది. జ్వరం వస్తే అందరూ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. మామ్మ అరికాళ్ళు పట్టుకుని చూసేది. ఆ చేతికి ఒక పేరుందని ఆయనకు అరవై ఎనిమిదేళ్ళకు తెలిసింది.

"మాణిక్యం" అన్నారు, మెల్లగా.

"ఏటి బాబూ, నన్నేనా?" అంది జామకాయల ఆవిడ.

"కాదమ్మా."

సోమరాజు దగ్గరకు వచ్చాడు. "పేరు దొరికిందిగా నాన్నా. ఇంటికెళ్ళిపోదామా?"

"పిలిచారు కదరా. పైగా పక్కన ఎవర్ని కూర్చోబెడతారో చూడొద్దా?"

వేదిక వెనక గదిలో ఇద్దరున్నారు. జరీచీర కట్టుకున్న ఒక పెద్దావిడ, ఆమె పక్కన గొడుగు పట్టుకున్న ఒక సన్నటి పెద్దమనిషి. ఆవిడ గంగరాజు గారిని పైనుంచి కింది దాకా చూసింది.

"అబ్బులువి నువ్వేనా?"

సత్యవతి ఆటపట్టించేటప్పుడు అలా పిలిచేది. ఆమె పోయాక ఆ పిలుపు మళ్ళీ ఇదే వినడం.

"నేనేనండి. మీరు?"

"నేను నీ నూట పదహారేళ్ళ పెళ్ళాన్ని. కూర్చో." ఆవిడ గొడుగాయన్ని చూపించింది. "ఈయన అప్పలస్వామి గారు. యాభై ఎనిమిదేళ్ళ నించి నా మొగుడు. మధ్యలో వచ్చారు పాపం."

"నాకేం ఇబ్బంది లేదండి" అన్నాడు అప్పలస్వామి గారు. "సన్మానం అవ్వగానే తీసికెళ్ళిపోతాను. నర్సీపట్నం బస్సు నాలుగింటికి."

అప్పుడు సంగతి తెలిసింది. ఆవిడ గంగరాజు గారి మేనత్త కూతురు. ఆయన కంటే పదకొండేళ్ళు పెద్ద, అంటే వదిన. తొలి కాన్పు పుట్టింట్లోనే గనక మేనత్త ఊరొచ్చి ఈవిణ్ణి కన్నది, తన తల్లి పేరు పెట్టుకుంది. కరణంగారు 'అడబాల వారింట, మాణిక్యం' అని రాసుకున్నారు. డెబ్బై తొమ్మిదేళ్ళ తర్వాత ప్రభుత్వం అమ్మమ్మనూ మనవరాలినీ ఒకే మనిషిని చేసి, గంగరాజు గారికి కట్టబెట్టింది.

"మరి నేనెప్పుడూ మిమ్మల్ని చూడలేదేం?"

"మీ నాన్న పెళ్ళిలో ఆడపడుచు కూర్చోవాల్సిన చాప మీద ఎవరో కూర్చున్నారట. మా అమ్మ లేచొచ్చేసింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు, నీ పిలుపు మాత్రం వాళ్ళూ వీళ్ళూ చెప్పగా విన్నాం. నాకప్పుడు అయిదేళ్ళు." ఆవిడ ఉత్తరం తీసి చూపించింది. "ఇదిగో, 'మీ భర్త సజీవంగా ఉన్నారు, హాజరు కాగలరు' అని వచ్చింది. ఈయనేమో పెరట్లో తోటకూర కోస్తున్నాడు. బతికే ఉన్నాడని నాకు తెలుసును, గవర్నమెంటు రాసి చెప్పడం దేనికి అనుకున్నాను. తీరా కింద చూస్తే అమ్మమ్మ గారి ఊరు."

గంగరాజు గారు ఏదో అడగబోయేలోగా పేర్లు పిలిచారు. ప్రోటోకాల్ ప్రకారమే పిలిచారు. మాణిక్యం అన్న పేరు నాలుగు లౌడ్‌స్పీకర్లలో నాలుగు దిక్కులకూ వెళ్ళింది.

పురుషోత్తం గారు శాలువాలు కప్పి, దండలు తెప్పించారు. "నూట పదహారు సంవత్సరముల అన్యోన్య దాంపత్య రహస్యమేమిటో ఈ తరానికి సెలవియ్యవలసిందిగా మాణిక్యం గారిని కోరుచున్నాను."

ఆవిడ మైకు అందుకుంది. "రహస్యమేటి లేదు బాబూ. ఒకరినొకరు చూసుకోడం ఇవాళే."

పురుషోత్తం గారు చెమర్చిన కళ్ళతో చప్పట్లు మొదలుపెట్టారు. "గమనించండి. నూట పదహారేళ్ళ తర్వాత కూడా, ప్రతి దినమూ తొలిచూపే."

దంపతులు దండలు మార్చుకోవాలన్నారు. గంగరాజు గారు తన చేతిలో దండ తీసుకెళ్ళి, వేదిక అంచున గొడుగుతో నిలబడ్డ అప్పలస్వామి గారికి ఇచ్చారు. ఆయన గొడుగు చంకలో పెట్టుకుని, పెళ్ళినాటి మాదిరి సిగ్గుపడుతూ, భార్య మెడలో వేశాడు.

"ఈ వ్యక్తి ఎవరు?" అని పురుషోత్తం గారు చెవిలో అడిగారు.

"వారసులండి" అంది నాగశిరీష.

"అలాగా. వారసులకు హక్కు కలదు" అని ఆయన నిశ్చింతగా కూర్చున్నారు.

దిగి వస్తూ గంగరాజు గారు ఫోన్ తీసి భద్రతా ప్రశ్నకు మాణిక్యం అని కొట్టారు. తెర వెంటనే తెరుచుకుంది. 'సరియైన సమాధానము. మీరు కోరిన వివరము: మీ భార్య పేరు మాణిక్యం. మా ఉచిత సేవలను వినియోగించుకున్నందులకు కృతజ్ఞతలు.'

*

నాలుగింటి బస్సు వెళ్ళిపోయింది. వదినగారు ఎక్కలేదు. మేనకోడలి బారసాలైతే అలక మీద మానొచ్చు, అన్న మనవరాలి బారసాల మానమని ఎక్కడా లేదని ఆవిడ అప్పలస్వామి గారికి చెప్పింది. ఎవరు ఎవరికి అన్న అయ్యారో అని ఆయన అడగలేదు. ఆ రోజు వరసలు అడిగే రోజు కాదు.

శుక్రవారం పొద్దున్న సోమరాజు పళ్ళెంలో బియ్యం పరిచి ఉంగరంతో పేరు రాశాడు. చనిపోయి ఇరవై ఆరేళ్ళైనా చేతిరాత చక్కగానే ఉంది. ఉయ్యాల దగ్గరకు గంగరాజు గారు వంగి పిల్ల చెవిలో పేరు చెప్పారు. పిల్ల తుమ్మింది.

"నాకు గుర్తున్నది ఒక్కటే అబ్బులూ" అంది వదినగారు, ఉయ్యాల తాడు సవరిస్తూ. "అయిదేళ్ళ దాకా నా మకాం ఎక్కువ అమ్మమ్మ దగ్గరే. ఆవిడ పనున్నా లేకపోయినా నన్ను పిలిచేది. మాణిక్యం, మాణిక్యం అని రోజంతా. వెళ్తే 'ఏం లేదే' అనేది. అదేం సరదానో నాకప్పుడు తెలీలేదు."

గంగరాజు గారు ఉయ్యాల ఒకసారి ఊపారు.

"మావయ్య గారూ" అంది హిమబిందు, "పెద్దావిడ పేరు కదా, పెట్టి తిట్టకూడదంటారు. ఇంట్లో పిలవడానికి వేరే ఏదైనా చిన్నపేరు చెప్పండి."

"వద్దమ్మా. తిట్టినా ఆ పేరుతోనే తిట్టు."

వచ్చిన పేరంటాళ్ళు ఒక్కొక్కరే ఉయ్యాలలోకి వంగి పిలవడం మొదలుపెట్టారు. మాణిక్యం అన్నప్పుడల్లా, వంటింట్లో బూరెలు వేయిస్తున్న వదినగారు ఆఁ అని పలికింది. అయిదో పిలుపుకు బూరెలు తీసే సట్రం చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"వినబడుతోందే బాబూ. ఒక్కసారి పిలిస్తే చాలు, నాకు చెవుడు లేదు."

అయినా పిలుస్తూనే ఉన్నారు.